తొమ్మిది నిద్రలు

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని మా అమ్మ మొక్కు. తల్లి కడుపులో తొమ్మిది నెలలు ఉన్నందుకు లెక్కగా అక్కడ తొమ్మిది రాత్రులు పడుకుంటే ఇక మరో గర్భవాసం ఉండదని మా వైపు పెద్దవాళ్ల నమ్మకం. నాన్న పోయిన ఏడాదే తీసుకెళ్లమంది. ఈ ముహూర్తాలు కానీ, ఆ ముహూర్తాలు కానీ అంటూ నాలుగేళ్లు జరిపాను. కొడుకు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరైతే ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లన్నీ అయ్యాకే తల్లి తీర్థయాత్ర. చివరికి ఒక కార్తీకంలో చేతిలో ఉన్న రెండు పెళ్లిళ్లూ పక్క స్టూడియో అతనికి అప్పగించి బయల్దేరాను. శుద్ధ సప్తమి రాత్రితో మొదలుపెడితే పౌర్ణమి రాత్రికి తొమ్మిదీ పూర్తవుతాయని అమ్మ క్యాలెండర్ ముందు పెట్టుకుని వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆ తొమ్మిది రాత్రులూ ఆవిడ పడుకుంది. నేను మేలుకున్నాను.

నా పని గురించి ముందు చెప్పాలి. గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్లో నాకు స్టూడియో ఉంది. పగలు పాస్‌పోర్ట్ ఫొటోలు, ఫ్రేములు, చనిపోయిన పెద్దవాళ్ల పాత ఫొటోలు పెద్దవి చేయడం. అన్నం పెట్టేది మాత్రం పెళ్లిళ్లే. మన ముహూర్తాలు చాలావరకు రాత్రివేళే కదా. పదకొండు నలభైకో, తెల్లవారుజామున రెండు పద్దెనిమిదికో జీలకర్రబెల్లం. ఇరవయ్యేళ్లలో నేను మేలుకున్న రాత్రులు లెక్కేస్తే వాచ్‌మన్ కూడా నా తర్వాతే. అయినా రాత్రిని ఒక్కసారీ ఫొటో తీయలేదు. కెమెరా మీద ఒక ఫ్లాష్, స్టాండు మీద ఇంకొకటి, వాటికి తోడు వీడియో లైటు పెళ్లికూతురి మొహం మీదికి పట్టుకుని నిలబడే కుర్రాడు. రాత్రి రెండింటికి తీసిన ఫొటో మధ్యాహ్నం రెండింటికి తీసినట్టే ఉంటుంది. పార్టీకి కావలసిందీ అదే. మొహాలు తెల్లగా ఉండాలి, నగలు మెరవాలి, వెనక మండపం మీద పువ్వులు లెక్కపెట్టుకునేలా కనపడాలి.

మొఘల్‌సరాయిలో దిగాం. స్టేషన్ బోర్డు మీద దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని ఉంటుంది, ఆటోవాళ్ల నోట మాత్రం ఇంకా పాత పేరే. అక్కణ్నుంచి రాజ్‌ఘాట్ వంతెన మీదుగా ఊళ్లోకి. 1887 నాటి వంతెన, కింద రైలు, పైన రోడ్డు. అప్పుడే తెల్లవారుతోంది. ఎడమ పక్కకు చూస్తే నెలవంకలా వంగిన ఘాట్లన్నీ ఒకేసారి కనిపించాయి. అమ్మ ఆటోలోంచే దండం పెట్టింది. నేను వెలుగు లెక్క వేసుకున్నాను. గంగ ఇక్కడ ఉత్తరం వైపు తిరిగి పారుతుంది. ఊరంతా పడమటి ఒడ్డున, ఎదుటి ఒడ్డున ఇసుక. అంటే సూర్యుడు ఘాట్లకు ఎదురుగా పుట్టి మేడల వెనక్కి దిగుతాడు. సాయంత్రం పడవలో ఉండి ఊరి వైపు చూస్తే దీపాల వెనక ఆకాశం కాసేపు నీలంగా నిలుస్తుంది. అదే వేళ మెట్ల మీద నిలబడి నది వైపు చూస్తే చీకటి తప్ప ఏమీ ఉండదు.

ఇంత లెక్క వేసినవాణ్ణి మొదటి రాత్రి చేసిన పని వింటే నవ్వుతారు. దశాశ్వమేధ ఘాట్‌లో హారతికి వెళ్లాం. ఏడుగురు అర్చకులు ఒకే రంగు బట్టలతో, ఒకే లయలో బరువైన ఇత్తడి దీపాలు తిప్పుతున్నారు. చెయ్యి అలవాటుగా ఫ్లాష్ బిగించేసింది. మండపంలో ఆరడుగుల దూరానికి పనికొచ్చే సామాను అది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్నది నేను పని నేర్చుకున్నప్పుడు విన్న మొదటి పాఠం. నా ముందు కూర్చున్న వాళ్ల బట్టతలలు ధగధగా వెలిగాయి. సాంబ్రాణి పొగ మీద ఫ్లాష్ పడి సున్నం జల్లినట్టయింది. ఆ వెనక అర్చకులు మసక మసగ్గా, ఇంకా వెనక నది లేదు, పడవలు లేవు. అన్నిటికంటే ఘోరం దీపాలు. వత్తుల దగ్గర మంట ఉంది, ఆ మంట వెలుగు మాత్రం ఎవరి మొహం మీదా లేదు. నా ఫ్లాష్ దాన్ని తుడిచేసింది.

మా బస కేదార్ ఘాట్ దగ్గర ఆంధ్రుల సత్రంలో. ఆ సందుల్లో నడుస్తుంటే మూడు మాటలకొకటి తెలుగు వినపడుతుంది. కేదార్ ఘాట్ మెట్లకు ఎరుపు తెలుపు చారలు. దాని పక్కనే విజయనగరం రాజుల పేరున ఇంకో ఘాట్. రెండో రాత్రి అమ్మ పడుకున్నాక ఫ్లాష్ సత్రంలో వదిలేసి ట్రైపాడ్ తీసుకుని మెట్లు దిగాను. ఆ ట్రైపాడ్ నా దగ్గర ఆరేళ్లుగా ఉంది. గ్రూప్ ఫొటోకు తప్ప దాని కాళ్లు చాచింది లేదు. వరద తీసిన తర్వాత మేట వేసిన ఒండ్రును పంపుల నీళ్లతో కడుగుతున్న రోజులవి. కింది మెట్లు ఇంకా జారుడుగానే ఉన్నాయి. రెండు మెట్లు పైకి జరిగి కాళ్లు ఆనించి, బ్యాగు నడిమి కడ్డీకి వేలాడదీశాను.

ఫోకస్ కుదరలేదు. చీకట్లో లెన్సు ముందుకీ వెనక్కీ పోయి ఎక్కడా ఆగదు. చివరికి తెర మీద దూరపు దీపాన్ని పెద్దది చేసి చూసుకుంటూ చేత్తో తిప్పి సరిచేశాను. ఐఎస్‌ఓ 800, ఎఫ్ 4, 30 సెకన్లు. తెర మీద ఫొటో వచ్చింది. ఆహా అనుకున్నాను. మెట్లు, గుడి గోడ, పడవల మీద పేర్లు, గొడుగుల కింద చాపలు, అన్నీ కనపడుతున్నాయి. ఆకాశం లేత నీలం. నా జన్మలో ఫ్లాష్ లేకుండా అంత వెలుగు రాబట్టలేదు.

పక్కన ఒక పడవాయన బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. అరవై దాటి ఉంటాయి. చూపించు బాబూ అన్నట్టు చెయ్యి చాపాడు. చూపించాను.

"పొద్దున్న తీశారా?" అన్నాడు హిందీలో.

"కాదు చాచా, ఇప్పుడే, మీ ముందే తీశాను."

ఆయన ఎదురుగా ఉన్న మెట్లను ఒకసారి చూశాడు. మళ్లీ తెర చూశాడు. "ఇక్కడ రాత్రి కదా" అన్నాడు. బీడీ నేలకు రాసి ఆర్పి, పడవలోకి పోయి దుప్పటి కప్పుకున్నాడు.

నాకు మాట రాలేదు. ఆయన అన్నది నిజం. కెమెరాలో మీటర్ అనేదానికి రాత్రి, పగలు తెలియవు. దాని ముందున్నది ఏదైనా సగటు బూడిద రంగులో ఉండాలనుకుంటుంది. నల్లటిది చూపిస్తే తెల్లబరుస్తుంది, తెల్లటిది చూపిస్తే మాపుతుంది. ఇరవయ్యేళ్లు నేను చేసిందీ అదే. ఫ్లాష్ కెమెరా మీంచి దిగింది కానీ నా బుర్రలోంచి దిగలేదు.

ఆ రాత్రి అదే చోట నిలబడి అదే ఫ్రేము పదకొండుసార్లు తీశాను. 30 సెకన్లను 15 చేశాను, తర్వాత 8, తర్వాత 4. ఒక్కో మెట్టుకు వెలుగు సగమవుతుంది. 15 దగ్గర గోడ మీద చారలు మిగిలాయి, ఆకాశం నల్లబడింది. 8 దగ్గర పడవల పేర్లు పోయాయి. గుడి ముందు బల్బు చుట్టూ ఉన్న వెలుగు ముద్దలా కాకుండా వలయంలా కనపడింది. 4 దగ్గర మెట్లు మూడో నాలుగో మిగిలి, తక్కినవి ఉన్నాయని తెలుస్తోంది తప్ప కనపడలేదు. నా కంటికి ఎదురుగా ఉన్నది 8కీ 4కీ మధ్య ఎక్కడో ఉంది. పడవాయన్ని లేపి చూపిద్దామనిపించింది. లేపలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క విషయం చెప్తాను. రాత్రిపూట కెమెరా తెరను నమ్మకండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఆ అలవాటు పడిన కళ్లతో చూస్తే తెర మీద మసక ఫొటో కూడా కళకళలాడుతుంది. ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిస్తే బొగ్గు. అందుకే ఫొటోలో చీకటెంతో వెలుగెంతో ఎడమ నుంచి కుడికి గీతలా చూపే హిస్టోగ్రామ్ చూడాలి. పెళ్లిళ్లలో నేను దాన్ని ఆపేసే పనిచేసేవాణ్ణి, తెరకు అడ్డమని. కాశీలో మూడో రాత్రి నుంచి అది లేకుండా బటన్ నొక్కలేదు. కుడి చివర గీత గోడకు గుద్దుకుంటే దీపాల దగ్గర రంగు పోయినట్టే, తర్వాత ఎంత దిద్దినా రాదు. నల్లగా ఉన్నచోట కొంత లాక్కోవచ్చు. కాబట్టి దీపానికి సరిపడా వెలుగు కొలుచుకోవాలి, చీకటి సంగతి చీకటే చూసుకుంటుంది.

ఎనిమిది సెకన్లు, పదిహేను సెకన్లు ఊరికే నిలబడటం పెళ్లిళ్లవాడికి కొత్త. మేం అరవయ్యో వంతు సెకన్లో బతికేవాళ్లం. తలంబ్రాలు గాల్లో ఉండగా పట్టాలి, తప్పితే ఆ పెళ్లి మళ్లీ జరగదు. ఇక్కడ షట్టర్ తెరిచి చేతులు కట్టుకుని నిలబడితే పనికిమాలిన ఆలోచనలన్నీ వస్తాయి. ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చాడు. 1830 మేలో మద్రాసులో బయల్దేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఫొటో అనేది ఒకటుందని లోకానికి తెలిసింది 1839లో. ఒక్క ఏడాది తేడా. ఆ తర్వాత 1860లలో శామ్యూల్ బోర్న్ ఇదే ఘాట్లను గాజు పలకల మీద తీశాడు, పగటి వెలుగులోనే.

ఇంకొకటి మా వృత్తికి దగ్గరిది. మండపాల్లో మేం ఫ్లాష్‌ను నేరుగా కొట్టకుండా సీలింగుకో, తెల్ల గొడుగుకో కొట్టి మెత్తటి వెలుగు తెచ్చుకుంటాం. సత్యజిత్ రాయ్ 1956 నాటి అపరాజితో సినిమాకు కలకత్తా స్టూడియోలో కాశీ ఇంటి సెట్ వేశారు. కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్ మీద తెల్లగుడ్డ పరిపించి, లైట్లు దానికేసి కొట్టి, ఇంటి నడిమి వాకిట్లోకి ఆకాశం నుంచి దిగే నీడ లేని వెలుగును అలా రాబట్టాడు. మా సత్రంలో కూడా అలాంటి వాకిలి ఉంది. పగలు అందులో నిలబడి పైకి చూస్తే ఆయన దేన్ని చూసి ఆ గుడ్డ కట్టించాడో తెలిసింది. ఈ ముక్క తెలియకుండానే ఇన్నేళ్లు సీలింగుకు ఫ్లాష్ కొట్టాను.

నాలుగు, అయిదు రాత్రుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒకటి దోమలకు పోయింది, రెండోది సందుల్లో తిరగడానికి. సందుల్లో ఒక చోట పచ్చటి పాత లైటు, రెండడుగులకు తెల్లటి ఎల్ఈడీ. ఏ రంగుకు సరిచేసినా రెండోది పాడవుతుంది. షట్టర్ వేగం పెంచితే ఎల్ఈడీ కింద ఫొటో మీద చారలు పడ్డాయి. కరెంటుతో పాటు అది సెకనుకు నూరుసార్లు మిణుకుతుంది మరి. యాభయ్యో వంతుకు దించితే చారలు పోయాయి. ఎద్దులు మాత్రం ఏ వేగానికైనా కదలకుండా నిలబడ్డాయి.

ఆరో రాత్రి తప్పు చేశాను. మణికర్ణికా ఘాట్ దగ్గర చితుల వెలుగు పక్క మేడ గోడల మీద పడి కదులుతోంది. అక్కడ ఫొటోలు తీయకూడదని తెలుసు. దూరంగానే ఉన్నాను, మనుషులు పడరు, ఉత్త వెలుగే కదా అని నాకు నేను చెప్పుకుని ట్రైపాడ్ విప్పాను. ఒకాయన నడిచొచ్చి లెన్సుకు అరచెయ్యి అడ్డంపెట్టాడు. గుండు కొత్తగా గీయించుకుని ఉంది. తిట్టలేదు, అరవలేదు. నేను సర్దుకునేదాకా చెయ్యి తీయలేదు. మా ఊళ్లో శవానికి ఫొటో తీయమని ఎన్ని ఇళ్లకు పిలిస్తే అన్ని ఇళ్లకూ వెళ్లినవాణ్ణి నేను. కూతురు అమెరికాలో ఉంది, చివరి చూపుకు ఒక్కటి తీసిపెట్టు బాబూ అంటే తీసినవాణ్ణి. పిలిస్తే వెళ్లడం వేరు, ఇది వేరు. అప్పటికే పడిన ఒక్క ఫ్రేమునూ మెట్ల మీదే చెరిపేశాను.

పడవ మీద ట్రైపాడ్ పనికిరాదని ఏడో సాయంత్రం తెలిసింది. ట్రైపాడ్ కదలదు, పడవ కదులుతుంది. నది మీద ఐఎస్‌ఓ 3200, అరవయ్యో వంతు సెకను, ఎఫ్ 1.8, ఊపిరి బిగపట్టడం, ఇవే దిక్కు. ఆ ఋతువులో అక్కడ అయిదుంపావుకే పొద్దుపోతుంది. ఆ తర్వాత పావుగంటకు మొదలై ఇరవై నిమిషాలు, అంతే. ఆకాశం నీలానికీ దీపాల పసుపుకూ సరిసమానంగా కుదిరే వేళ అది. ముందైతే దీపాలు వెలవెలబోతాయి, తర్వాతైతే మేడల అంచులు ఆకాశంలో కలిసిపోతాయి. దర్భంగా ఘాట్ మేడ ఎత్తు ఎంతో నాకు ఆ ఇరవై నిమిషాల్లోనే తెలిసింది. రాత్రి ఫొటోల్లో మంచివి చాలావరకు నిజానికి రాత్రివి కావన్నది ఈ పనిలో ఎవరూ పైకి చెప్పని రహస్యం.

చతుర్దశి నాడు తెల్లవారుజామున అయిదు కాకుండానే అమ్మతో పాటు కేదార్ ఘాట్‌కు దిగాను. కార్తీక స్నానం చేసి, తడిచీర మార్చుకుని, ఆకు దొన్నెలో పువ్వులు, వత్తి పెట్టుకుని కింది మెట్టు మీద కూర్చుంది. గాలికి అగ్గిపుల్లలు మూడు ఆరిపోయాయి. నాలుగోది అరచేతుల మధ్య దాచి వెలిగించింది. ఆ క్షణాన వెలుగంతా ఆవిడ వేళ్ల లోపలే ఉంది. వేళ్ల సందులు ఎర్రగా వెలిగాయి. వత్తి అంటుకోగానే వెలుగు గడ్డానికీ, ముక్కుపుడకకూ, ఎడమ చెంపకూ పాకింది.

"కదలకమ్మా" అన్నాను.

"నేను కదలట్లేదురా, దీపం కదుల్తోంది."

ముప్ఫయ్యో వంతు సెకను. ఆరు తీశాను. నాలుగు కదిలాయి. దొన్నె నీళ్లలో వదిలాక కెమెరా ట్రైపాడ్‌కు ఎక్కించి 8 సెకన్లు తెరిచాను. దీపం వెళ్లిన దారి నీళ్ల మీద సన్నటి గీతలా పడింది, మొదట వంకరగా, ప్రవాహం అందుకున్నాక తిన్నగా. అమ్మకు మొదటి ఫొటో చూపించాను.

"సగం మొహమే పడిందేమిట్రా?"

"రెండో సగం చీకట్లో ఉందమ్మా."

"మరి లైటు వెయ్యలేకపోయావా?" అంది. ఇరవయ్యేళ్లు ఫొటోగ్రాఫర్ తల్లిగా ఉన్న మనిషి.

పౌర్ణమి రాత్రి దేవ దీపావళి. మెట్టు మెట్టుకూ దీపాలు. అందరూ దానికోసమే వస్తారు. నా ఫొటోలు చెత్తగా వచ్చాయని ఒప్పుకుంటాను. ట్రైపాడ్‌కు కాదు, కాలు పెట్టడానికే చోటు లేదు. పడవవాళ్లు చెప్పిన రేటు విని సత్రం మేడ మీదికి వెళ్లి పిట్టగోడ మీద బ్యాగు పెట్టి, దాని మీద కెమెరా ఆనించాను. ఇసుక మీంచి చంద్రుడు లేచినప్పుడు మాత్రం ఒకటి దక్కింది. చంద్రుడి మీద పడేది ఎండే, పగటి లెక్కే వెయ్యాలి. రాత్రి లెక్క వేస్తే తెల్లటి బిళ్ల అవుతాడు. పౌర్ణమి నాడు పొద్దుపోయే వేళకే లేస్తాడు కనుక ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది. కొద్ది నిమిషాలు చంద్రుడూ నదీ ఒకే ఫొటోలో ఇముడుతాయి. అవి దాటితే ఇద్దరిలో ఒకరిని వదులుకోవాలి. ఇన్ని దీపాలు లేని ఆ ముందు రాత్రులే నాకు ఎక్కువ ఇచ్చాయి.

తొమ్మిది రాత్రులకూ 612 ఫ్రేములు. ఉంచుకున్నవి 19.

తిరిగొచ్చాక మాఘంలో ఒక పెళ్లి, ముహూర్తం రెండు దాటాక. తంతు అయ్యాక అరుంధతిని చూపించడానికి వధూవరులను బయటికి తెచ్చారు. ఇన్నేళ్లూ ఆ ఘట్టంలో నేను తీసినవన్నీ ఒకటే ఫొటో. ఇద్దరు తెల్లటి మొహాలతో నల్లటి గోడ లాంటి ఆకాశం కేసి వేలు చూపిస్తుంటారు. మాఘంలో ఆ వేళకు సప్తర్షులు ఉత్తరాన బాగా పైకొచ్చి ఉంటారు. లైటు కుర్రాణ్ణి ఆపేయమన్నాను. ఫ్లాష్ ఆపాను. ట్రైపాడ్ మీద రెండు సెకన్లు, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా కదలొద్దని దంపతులకు చెప్పాను. కొబ్బరి చెట్టు పైన ఏడు చుక్కలూ పడ్డాయి. కింద మండపం వెలుగు వీపుల మీద పడి ఇద్దరూ నీడల్లా నిలబడ్డారు. పిల్ల తండ్రి తెర మీదికి వంగి చూసి, "మొహాలు కనపట్లేదేంటండీ?" అన్నారు.

ఆయనది తప్పు కాదు. లైటు వేయించి ఫ్లాష్‌తో ఇంకొకటి తీసిచ్చాను. అప్పట్నుంచి ప్రతి పెళ్లిలోనూ ఆ ఘట్టం రెండుసార్లు తీస్తున్నాను. ఆల్బంలోకి ఫ్లాష్‌ది వెళ్తుంది. రెండోదానికి ఇంతవరకూ ఎవరూ డబ్బివ్వలేదు.